వాకిలి ఎటు పక్క

రాజపాళయం,
16 మార్చి 2025.

నా సుగంధికి,

ఈ అక్షరాలు చూడగానే ఎవరు రాశారో నీకు తెలిసిపోతుంది. ఎనిమిదో తరగతిలో మా అవ్వ దగ్గర కూర్చుని మనమిద్దరం తెలుగు రాయడం నేర్చుకున్నది, మన తమిళ బడిలో, క్లాసులో ఎవరికీ అర్థం కాకుండా చీటీలు రాసుకోవడానికే కదా. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ అక్షరాలతోనే నీకు రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు తీయవు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటావు. పద్నాలుగు నెలలుగా ఇంతే. ఉత్తరమైతే చింపేముందు రెండు వాక్యాలైనా చదువుతావని ఆశ.

కిందటేడు జనవరిలో నువ్వు పెట్టిన చివరి మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. “అమ్మకి రెండు కిడ్నీలూ పోయినాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. నీ బిల్డింగ్ చాలా అందంగా ఉంది.” ఆ మూడో వాక్యం ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదని అనుకున్నాను. అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోయాను. మీ అమ్మని చూడటానికి మీ ఊరు సేత్తూరు దాకా రాలేదు. రాజపాళయం ఆసుపత్రికే ఆమె వారానికి మూడుసార్లు వస్తుందని తెలిసి కూడా, ఆ రోడ్డు వదిలేసి వేరే దారిలో ఆఫీసుకి పోతున్నాను.

నీకు తెలిసినవీ తెలియనివీ కలిపి వరసగా రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు రాదు.

మా మామ రామసుబ్రహ్మణ్య రాజా మిల్లులో, ఆసుపత్రులకి పంపే గాయాల కట్టుగుడ్డలు చుట్టి ప్యాక్ చేసే పాత షెడ్డు నువ్వు చూసిందే. రేకుల కప్పు. మధ్యాహ్నానికి లోపల ఉడికిపోయేది. దూది ముక్కులోకి పోయేది. మీ అమ్మ సేత్తూరు నుంచి ఏడు గంటల బస్సుకి వచ్చి అందులో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. ఆ షెడ్డు కొట్టేసి కొత్త హాలు కట్టాలనుకున్నప్పుడు మామ ఆ పని నాకిచ్చాడు. నాకది మొదటి పెద్ద పని. ఉత్తరపు గోడ పొడవునా అద్దాలు పెట్టాను, ఎండ పడకుండా వెలుతురు మాత్రం వచ్చేట్టు. దూదిని లాగేసే ఫ్యాన్లు పెట్టించాను. అరవై మంది ఆడవాళ్ళకి నడుము నొప్పి రాకుండా బల్లల ఎత్తు కూడా నేనే కొలిచి గీశాను. 2021లో హాలు తెరిచారు. మరుసటేడు ఆర్కిటెక్టుల సంఘం దానికి బహుమతి ఇచ్చింది. అద్దాల గోడ ముందు నిలబడి నేను నవ్వుతున్న ఫోటో పేపర్లో వస్తే, అందరికంటే ముందు కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసి సంతోషంతో అరిచింది నువ్వే.

ఇక నీకు తెలియనిది. నా మొదటి డ్రాయింగులో టాయిలెట్లు హాలుకి ఆనుకునే ఉన్నాయి. తూర్పు గోడ పక్కన ఆరు గదులు. మామ ఆ కాగితం మీద వేలు పెట్టి అన్నాడు:

“ఏం పాపా, షోరూముకి పోయే వరండాలోనా కక్కూసు పెట్టేది? బయటిదేశం బయ్యర్లు వచ్చినారంటే ముక్కు మూసుకొని పోవాల్నా? ఎనక్కి తోసెయ్.”

“సరే మామా” అన్నాను. అంతే. వాదించలేదు. ఆ ఆరు గదుల్నీ కంప్యూటర్లో పట్టుకుని, లారీలు నిలిచే ఖాళీ జాగా దాటించి, జెనరేటర్ షెడ్డు వెనక పెట్టడానికి నాకు పది సెకన్లు పట్టి ఉంటుంది. కాగితం మీద అది నాలుగు వేళ్ళ దూరం. పోయిన నెల నడిచి చూశాను. హాలు గుమ్మం నుంచి నూట అరవై అడుగులు. మీద నీడ లేదు.

గోడలు మోకాలెత్తు లేచిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మీ అమ్మ టిఫిన్ గిన్నె చేతిలో పట్టుకుని కట్టుబడి దగ్గరికి వచ్చింది. నేను తాపీవాళ్ళతో మాట్లాడుతున్నాను. ఆమె నా పక్కన నిలబడి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

“పాపా, మా కక్కూసు ఎక్కడ పెట్టినావు?”

“వెనక పక్క అత్తా, జెనరేటర్ అవతల.”

“అంత దూరమా?”

నేను నవ్వాను సుగంధీ. నవ్వి అన్నాను: “కొంచెం నడిస్తే మంచిదే కదత్తా. రోజంతా కూర్చునేవాళ్ళకి అదే ఎక్సర్‌సైజు.” తాపీవాళ్ళు కూడా నవ్వారు. మీ అమ్మ నవ్వి, “సరి, నువ్వు చదువుకున్నదానివి” అని వెళ్ళిపోయింది. ఆమె అడిగింది తన కోసం కాదని, అరవై మంది తరఫున వచ్చి అడిగిందని, ఎవరి ముందూ అనలేక మెల్లగా అడిగిందని నాకు తట్టలేదు. ఐదేళ్ళయింది. ఇప్పటికీ పళ్ళు తోముకుంటూ ఉంటే, స్కూటర్ మీద పోతూ ఉంటే, ఆ నవ్వు నాకే వినిపిస్తుంది.

హాలు తెరిచాక దాన్ని చూసుకోవడానికి ఒక ఏజెన్సీ నుంచి ఫెసిలిటీ మేనేజర్ వచ్చాడు. పేరు కళైయరసన్. చెడ్డవాడేమీ కాదు. ఆరు టాయిలెట్లు కడగడానికి అతనికి ఇచ్చింది పుష్పం అనే ఒక్క మనిషిని. ఆమె ఒక్కతే ఆరూ కడగలేదని మూడింటికి తాళం వేశాడు. ఆడవాళ్ళు అంత దూరం పోయి రావడానికి పదిహేను నిమిషాలు పడుతోందని సూపర్‌వైజర్ ముత్తుకుమార్ చెబితే, టోకెన్లు పెట్టాడు. మనిషికి పూటకి ఒకటి, రోజుకి రెండు. సూపర్‌వైజర్ బల్ల మీద డబ్బాలో ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళలు. అందరూ చూస్తుండగా పోయి తీసుకోవాలి. ఇవన్నీ నాకు తెలియవు. కట్టి ఇచ్చేశాక నేను ఆ హాలుకి ఫోటోలు తీయించడానికి తప్ప పోలేదు.

పోయిన నెల పోయాను. మామకి ఏదో సర్వే అని చెప్పి, ఒక రోజంతా ఆడవాళ్ళ మధ్య కూర్చుని కట్టుగుడ్డలు చుట్టాను. పదిన్నరకి నాకు పోవాల్సి వచ్చింది. బల్ల దగ్గరికి పోతే ముత్తుకుమార్ కంగారుపడి, “మీకెందుకు మేడం టోకెన్, ఆఫీసు రూముకి పొండి” అన్నాడు. నేను బిళ్ళ తీసుకుని బయటికి నడిచాను. లారీ మీద బేళ్ళు ఎక్కిస్తున్నవాళ్ళు పని ఆపి చూశారు. నేను పోయేటప్పుడూ చూశారు, వచ్చేటప్పుడూ చూశారు. మూడు గదుల ముందు నలుగురు నిలబడి ఉన్నారు. తిరిగి వచ్చి కూర్చుంటే ముత్తుకుమార్ గడియారం వైపు చూశాడు, అలవాటుగా.

నా పక్కన అళగు అని ఒకామె, మంసాపురం మనిషి. మధ్యాహ్నం అందరూ గిన్నెలు విప్పారు. పులుసన్నం, పెరుగన్నం. తిన్నారు, చేతులు కడుక్కున్నారు. ఒక్కరూ గుక్కెడు నీళ్ళు తాగలేదు. నేను అడిగాను.

“తాగితే పోవాల గదా మాడం” అంది అళగు, నాకు ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. “నేను పొద్దున ఇంట్లో కాపీ కూడా తాగను. సాయంకాలం ఇంటికి పోయినాక తాగుతాను. మీ బొమ్మక్కే చెప్పిచ్చింది మాకు, పెదవులు మాత్రం తడుపుకోండే అని.”

బొమ్మక్క. మీ అమ్మ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, గోడకున్న బహుమతి ఫలకం తీసి బీరువా అడుగున పెట్టాను. వచ్చే నెలాఖరుకి ఆఫీసు మూసేస్తున్నాను సుగంధీ. చేతిలో ఉన్న రెండిళ్ళ పని వేరేవాళ్ళకి అప్పజెప్పాను. మనుషులు ఎలా బతుకుతారో అడగకుండా గోడలు గీసేదానికి ఇంకొకరి ఇల్లు గీసే అర్హత లేదు. ఒక్క విషయం మాత్రం పట్టుకుని నిద్రపోతున్నాను. నా మొదటి డ్రాయింగు సరైనదే. నాకు తెలుసు, కానీ నోరు మెదపలేదు. నా తప్పు తెలివిది కాదు, ధైర్యానిది.

క్షమించమని అడగడం లేదు. ఆ నవ్వు సంగతి నీకు తెలియాలి, అందుకే రాశాను.

నీ జవాబుకి హక్కు లేని,
అర్చన.


సేత్తూరు,
20 ఏప్రిల్ 2025.

అర్చనా,

నీ ఉత్తరం కోయంబత్తూరులో నా బ్యాగులో నాలుగు వారాలు తిరిగింది. డ్యూటీ మధ్యలో మడత విప్పేదాన్ని, మళ్ళీ మడిచేదాన్ని. చివరికి వారం సెలవు పెట్టి ఇంటికొచ్చి, నిన్న అమ్మ పక్కన కూర్చుని చదివి వినిపించాను. నువ్వు నవ్విన చోటికి వచ్చేసరికి దాటేయబోయాను. అమ్మ పట్టేసింది.

“ఏమి మింగినావు? అది చదువు.”

చదివాను. అమ్మ అంది: “అవును, అన్నాది. నేనూ నవ్వినాను. ఆ పొద్దు నవ్వకుండా, ‘లేదు పాపా, అది పనికిరాదు’ అని నేను నోరు తెరిచి చెప్పుంటే? పద్దెనిమిదేండ్లు పని చేసినదాన్ని. నాకు తెలిసినది నేను చెప్పలేదే.”

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను. నీ ఫోన్ తీయకపోవడానికి కారణం నీ మీద కోపం అని నువ్వు అనుకున్నావు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

నేను నర్సుని. పదకొండేళ్ళ సర్వీసు. ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ చేసి అడిగే మొదటి మాట, “నీళ్ళు తాగుతా ఉండావా?” అమ్మ “తాగుతా ఉండాను” అనేది. మూడు సార్లు ఆమెకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మంట, జ్వరం, నడుము నొప్పి. మూడు సార్లూ నేను ఫోన్‌లోనే మాత్ర పేరు చెప్పి మా అన్న రవిచంద్రన్ చేత తెప్పించాను. మూడో సారి కోప్పడ్డాను కూడా. “ఎన్ని సార్లు చెప్పాలమ్మా? రోజుకి మూడు లీటర్లు తాగు. చిన్నపిల్లవా?” అన్నాను. మా వార్డులో ఎవరికైనా అలా మూడు సార్లు వస్తే కల్చర్ టెస్ట్ చేయించకుండా వదలం. ఎందుకు వస్తోందని అడగకుండా వదలం. అమ్మని అడగలేదు. ‘నువ్వు పనిచేసే చోట కక్కూసు ఎంత దూరమమ్మా?’ అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి ఊపిరి ఆడక ఆసుపత్రికి తెచ్చినప్పుడే అమ్మ చెప్పింది, కక్కూసు దూరమని మిల్లులో నీళ్ళు తాగేది కాదని. డాక్టర్ నన్ను అడిగాడు: “మీరు నర్స్ కదా సిస్టర్, ఇంత దాకా ఎలా వదిలేశారు?” ఆ మాట నేను మోయలేకపోయాను. బయటికొచ్చి కారిడార్‌లో నిలబడి నీకు ఆ మెసేజ్ పెట్టాను. ఎవరి మీదనైనా వేయాలి, నువ్వు దొరికావు. పెట్టాక కాస్త తేలికైంది. ఆ తేలికే నాకు సిగ్గుగా ఉండి నీతో మాట్లాడలేకపోయాను. డాక్టర్ ఇంకోటి కూడా చెప్పాడు, నీకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు. అమ్మకి ఎప్పటినుంచో సుగర్ ఉంది. నీళ్ళు తాగకపోవడం వల్ల ఎంత, సుగర్ వల్ల ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు.

తాగిన నీరు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోతుందని, ఇప్పుడు అమ్మకి రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే. కాఫీ, మజ్జిగ అన్నీ కలిపి. వదిన పొద్దున్నే సీసాలో కొలిచి పెడుతుంది. మూడు లీటర్లు తాగమని తిట్టిన నేనే ఇప్పుడు చాలమ్మా, ఆపమ్మా అంటున్నాను. ఈ ఎండల్లో ఆమె నాలుక బయటపెట్టి గాలి పీలుస్తుంది అర్చనా. అది చూడలేక నేను పెరట్లోకి పోతాను.

ఆఖరున అమ్మ ఒక మాట అడిగింది. నీ మొదటి డ్రాయింగు సరైనదని రాశావే, ఆ చోటు రెండోసారి చదివించుకుని, “ఆ బొమ్మలో వాకిలి ఎటు పక్క పెట్టినాదో అడుగు” అంది. నాకేం తెలుసు? నువ్వే చూసి చెప్పు.

ఆఫీసు మూసేస్తున్నావని చదివితే అమ్మకి కోపం వచ్చింది. “అది ఇంట్లో కూర్చుంటే అళగుకి కక్కూసు దగ్గరికొస్తాదా?” అని అడిగింది.

ఇన్నాళ్ళూ నీ మీద నా బరువు కూడా వేసిన,
సుగంధి.


రాజపాళయం,
14 సెప్టెంబరు 2025.

సుగంధీ, నా బంగారూ,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవే అయినా, మొదటినుంచీ రాసి నీ చేతికి ఇవ్వాలనిపించింది. అంతా అయ్యేదాకా ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే పాత డ్రాయింగు తెరిచాను. మొదటిది, నేను సరైనదని పట్టుకుని నిద్రపోతున్నది. టాయిలెట్ల వాకిలి తూర్పు వరండాలోకి ఉంది. దానికి ఎదురుగా బేళ్ళు దించే అరుగు, లారీవాళ్ళు బీడీ కాల్చుకుంటూ కూర్చునే చోటు. ఈ పక్క చూస్తే సూపర్‌వైజర్ బల్ల నుంచి నేరుగా కనిపిస్తుంది. ఎవరు పోయారు, ఎంతసేపు ఉన్నారు, ఎన్నిసార్లు పోయారు, అన్నీ. దూరం ఒక్కటే లెక్క అనుకున్నాను. దగ్గరే పెట్టి ఉన్నా వాళ్ళు పోయేవాళ్ళు కాదు. మామ మాట వినకపోయినా తప్పే గీసేదాన్ని. ఎందుకంటే అప్పుడు కూడా నేను ఎవరినీ అడగలేదు. ధైర్యం లేక చేసిన తప్పని నీకు రాశానే, అది కూడా నన్ను నేను మెచ్చుకోవడమే.

మరుసటి రోజు సేత్తూరు పోయాను. గుమ్మం దగ్గర ఆగాను. మంచం మీద అత్త కూర్చుని ఉంది. మనిషి సగమైంది. ఎడమ చెయ్యి, సూదులు గుచ్చే చోట, తాడులా ఉబ్బి ఉంది.

“ఏమి అక్కడే నిలబడినావు? చెప్పులిప్పి లోపలికి రా.”

పోయి కింద కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టుకున్నాను. ఏదో అనబోయాను. ఏడ్చేశాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు ఉండనిచ్చింది. తర్వాత, “ఏడ్చింది చాలు. కాగితం తెచ్చినావా?” అంది.

డ్రాయింగు పరిచాను. ఆమెకి గీతలు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నేను అగ్గిపెట్టె ఒకటి సూపర్‌వైజర్ బల్ల అని, వక్కపలుకులు బల్లలని పెట్టి చూపించాను. వాకిలి ఎటు పక్కో వేలు పెట్టి చూపిస్తే తల ఊపింది. “నేను అనుకున్నదే. ఇక్కడ పెట్టినా పోముగదా మేము. ఆ లారీవాళ్ళ ముందర నుంచా?” నన్ను తప్పుపట్టినట్టు కాదు, దారి అడిగినవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

మే నెలలో ఒక మంగళవారం, డయాలిసిస్ లేని రోజు, ఆమెను నా కారులో మిల్లుకి తీసుకెళ్ళాను. ఏడాదిన్నర తర్వాత వచ్చింది కదా, హాల్లో ఆడవాళ్ళంతా లేచి చుట్టుముట్టారు. పుష్పం చీపురు పడేసి వచ్చింది. ముత్తుకుమార్ కూడా ఏమీ అనకుండా పక్కకి తప్పుకున్నాడు. అత్త హాలంతా మెల్లగా నడిచి, ఉత్తరం పక్క గుడ్డ తానులు పేర్చిన ర్యాకుల దగ్గర ఆగింది. వాళ్ళు గంటకోసారి తాను తెచ్చుకోవడానికి పోయే చోటు అది.

“ఈ ర్యాకుల ఎనక పెట్టు. తాను తెచ్చేదానికీ దానికీ ఒకటే దారి ఉంటే, ఎవరు ఎందుకు పోతా ఉండారో ఎవరికి తెలుస్తాది?”

అళగు గట్టిగా, “అదే దాన్, అదే సరి!” అంది. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. నెలసరి గుడ్డలు వేయడానికి మూత ఉన్న డబ్బా, సంచి తగిలించుకోవడానికి కొక్కెం, లోపల గడియ, కుళాయి కింద బకెట్ పట్టేంత జాగా. నేను రాసుకుంటూ పోయాను. ఐదేళ్ళు కాలేజీలో, ఇన్నేళ్ళు పనిలో, ఆ పేజీలో ఉన్నంత నేను ఎక్కడా నేర్చుకోలేదు.

ర్యాకుల వెనక అంటే అద్దాల గోడ. నాలుగో వంతు పగలగొట్టాలి. మామ ఒప్పుకోలేదు.

“పిచ్చి పట్టినాదా పాపా నీకు? దానికే గదా ప్రైజు వచ్చినాది! బయ్యర్లు ముందు ఫోటో తీసేది ఆ గోడనే!”

నాకు మొదటిసారి నోరు లేచింది. “మామా, ఒక్క పూట వచ్చి హాల్లో కూర్చో. ఇంట్లో కాఫీ తాగి, టిఫిన్ తిని రా. ఆఫీసు రూముకి పోకూడదు. వాళ్ళకున్న రూలే నీకూ.” మామకి అరవై ఎనిమిదేళ్ళు, సుగరు మనిషి. పందెం అనుకున్నాడో ఏమో, “దాందేముండాది?” అన్నాడు.

ఎనిమిదిన్నరకి వచ్చి కూర్చున్నాడు. పదికల్లా కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలైంది. పదింపావుకి లేచాడు. ముత్తుకుమార్ టోకెన్ల డబ్బా పట్టుకుని, యజమానికి బిళ్ళ ఇవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. మామే తీసుకున్నాడు. నేను వెనక నడిచాను. ఖాళీ జాగాలో ఎండ. లారీ దగ్గర వాళ్ళు మామని చూసి బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు పోయేటప్పుడు వాళ్ళు లేవరు. అక్కడ మూడు తాళాలు. మిగతా మూడింటి ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మామని చూసి తలలు వంచుకుని పక్కకి జరిగారు. ఆయన ఇక అక్కడ నిలబడలేకపోయాడు, గబగబా తన ఆఫీసు రూముకి నడిచాడు.

తిరిగి హాలుకి వచ్చి అళగు బల్ల దగ్గర ఆగాడు.

“రోజూ ఎట్ల ఓర్చుకుంటా ఉండారమ్మా?”

“ఓర్చుకునేది ఏముందయ్యా” అంది ఆమె, చేతిలో గుడ్డ చుట్టుకుంటూనే. “నీళ్ళు తాగము, అంతే.”

“బొమ్మక్క కూడానా?” అని మామ నన్ను అడిగాడు. అవునన్నాను. ఆమె పేరు ఆయనకి తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రం ఫోన్ చేసి, “ఎక్కడ కావాల్నంటారో అక్కడే కట్టు” అని పెట్టేశాడు.

జూన్‌లో గోడ పగలగొట్టించాను. సుత్తి మొదటి దెబ్బ పడినప్పుడు చూడలేక తల తిప్పుకున్నాను, అబద్ధమెందుకు. నేను గీసినవాటిలో అందరూ మెచ్చుకున్నది అదే. ఆగస్టు చివరికి ఎనిమిది గదులు పూర్తయ్యాయి. బయటినుంచి చూస్తే హాలు ఇప్పుడు అతుకు వేసినట్టుంది. ఫోటోకి పనికిరాదు. టోకెన్ల డబ్బా తీసేశారు. పుష్పానికి తోడుగా ఇంకో మనిషిని పెట్టారు. ఆఫీసు నేను మూయలేదు. ఇప్పుడు ఏ పనికి పోయినా, గీత గీసే ముందు అక్కడ ఊడ్చేవాళ్ళతో, వండేవాళ్ళతో ఒక రోజు కూర్చుంటున్నాను. అది చేసినందుకు నాకు గొప్పగా ఏమీ లేదు. మొదటి రోజే చేయాల్సిన పని ఆరేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాను. ఆ ఆలస్యం ఖరీదు నేను కట్టలేదు, మీ అమ్మ కట్టింది. సుగర్ వల్ల ఎంత, నా వల్ల ఎంత అని ఎవరూ విడదీయలేరని నువ్వు దయతో రాశావు. విడదీయలేనప్పుడు నా వాటా ఎంతో నాకు ఎప్పటికీ తెలియదు. దానితోనే ఉంటాను.

మొన్న శుక్రవారం కళైయరసన్ ఫోన్ చేశాడు. ఏదో ఫిర్యాదు అనుకున్నాను. ఫిర్యాదే. “మేడం, హాల్లో తాగే నీళ్ళ క్యాన్లు ముందు రోజుకి రెండు సరిపోయేవి, అవీ మిగిలేవి. ఇప్పుడు తొమ్మిది అవుతున్నాయి. సప్లై చేసేవాడు ఇన్ని మోయలేనని గొణుగుతున్నాడు” అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి స్కూటర్ తీసుకుని నేరుగా ఆసుపత్రికి పోయాను. అత్త మెషిన్ మీద ఉంది. చెవి దగ్గర వంగి చెప్పాను, క్యాన్లు తొమ్మిదయ్యాయని.

“తొమ్మిదా?” అంది. కళ్ళు మూసుకుంది. పెదవులు పగిలి ఉన్నాయి, తడి గుడ్డతో అద్దాను. అప్పుడు అంది: “సరి. నా వంతు కూడా వాళ్ళే తాగనీ.”

నేను బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. రవిచంద్రన్ అన్న బైకు మీద వస్తే, ఈ రోజు నేను తీసుకెళ్తానని చెప్పి, ఇంటికి పోయి కారు తెచ్చాను. దారిలో అత్త పక్క సీట్లో నా వైపు తల వాల్చి నిద్రపోయింది. అన్నకి పొలం పనులు, వదినకి పిల్లలు. రేపు సోమవారం నుంచి ఆమెను తీసుకుపోయి తీసుకొచ్చేది నేనే. వద్దనకు. నీతో చెప్పి మొదలుపెడదామనే ఇంత ఉత్తరం రాశాను.

రేపటి నుంచి మీ అమ్మ పక్క కుర్చీలో ఉండే, నీ
అర్చన.